మూపురం వెనక సుడి

2023 జూన్ 13, మంగళవారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు మా ఎర్రావు ఈనింది. పెయ్యదూడ. మా వంటింటి గడియారం రెండు నిమిషాలు ముందు నడుస్తుంది కనుక ఆ రెండూ తీసేసే రాశాను. ఆ ఏటి క్యాలెండరులో ఆ తేదీ గడిలో "ఈత, పెయ్య, 5.40" అని ఇప్పటికీ ఉంటుంది.

యాలాల్ దగ్గర మా ఊళ్ళో నేను ముప్పై మూడేళ్ళు అంగన్‌వాడీ టీచరుగా పనిచేశాను. నెలనెలా పిల్లల్ని తూచి, గ్రాములతో సహా రిజిస్టరులో ఎక్కించడం నా పని. రిటైరయ్యాక తూచడానికి పిల్లలు లేరు కానీ రాసే చెయ్యి ఆగలేదు. వాన పడ్డ రోజు, కోడి పొదిగిన రోజు, పప్పు ఉడకడానికి పట్టిన సమయం, అన్నీ క్యాలెండరు గళ్ళలోకి ఎక్కుతాయి. ఏడాది అయిపోయాక క్యాలెండరును చుట్ట చుట్టి పెట్టెలో పెడతాను.

ఆ ఉదయం ఆవు దూడను నాకుతుంటే నేను కొట్టంలో పీట వేసుకుని కూర్చున్నాను. నాలుక ఎటు పోతే తడి వెంట్రుక అటు పడుకుంటోంది. మూపురం వెనక, వెన్ను మీద, ఒక్క చోట మాత్రం పడుకోలేదు. రూపాయి బిళ్ళంత జాగా. నడుమ ఒక చిన్న చుక్క, తెల్లటి చర్మం కనిపించేటంత. ఆ చుక్క దగ్గర మొదలై వెంట్రుకలు ఒకదాని వెనక ఒకటి ఒరుగుతూ, తిరుగుతూ, వెడల్పవుతూ చివరికి వీపు మీది మామూలు వెంట్రుకల్లో కలిసిపోయాయి. ఆవు నాలుక ఆ సుడిని చెరిపేస్తుంది, తడి ఆరగానే అది మళ్ళీ తన తీరుకు వస్తుంది. పదకొండుసార్లు చెరిగింది, పదకొండుసార్లు వచ్చింది. సుడి ఎడమకు తిరిగింది. ఆ కొట్టంలో అంత అందమైనదాన్ని నేను అంతకుముందు చూడలేదు. ముప్పావు గంట సేపు చూస్తూ పొయ్యి సంగతి మరిచిపోయాను.

ఎనిమిదింటికి మా మరిది వచ్చాడు. నా భర్త తమ్ముడు, మా పక్క గోడ ఇల్లే. పశువుల మీది సుళ్ళు చూసి మంచిచెడ్డలు చెప్పడంలో చుట్టుపక్కల ఆయనకు పేరు. ఎడ్లు కొనబోయేవాళ్ళు కొడంగల్ నుంచి, కుల్కచర్ల నుంచి వచ్చి ఆయనను సంతకు వెంట తీసుకుపోయేవాళ్ళు. కోడికూర భోజనం, బీడీ కట్ట ఇస్తే చాలు.

"చాయ పెట్టినవా వదినా" అంటూ వచ్చి దూడ వీపు మీద చెయ్యి వేశాడు. చెయ్యి అక్కడే ఆగింది.

"గిది మంచిగ లేదు."

"మంచిగనే ఉన్నది. ఆరు గంటల ఐదు నిమిషాలకు లేచి పాలు తాగింది."

"దూడ సంగతి కాదు. సుడి. మూపురం వెనక, అందులనూ ఎడమకు తిరిగె. దీన్ని పాడెసుడి అంటరు. ఏడాది తిరగకముందే యజమానిని పాడె ఎక్కిస్తది."

"ఎవలు చెప్పిన్రు?"

"మా నాయిన."

"మీ నాయినకు?"

"వాళ్ళ నాయిన."

"గాయన గొర్లు కాసినోడు. ఎన్నడన్న ఆవును కట్టేసిండా?"

మరిది నవ్వాడు. "నీతోని మాట్లాడుడంటే మండలాఫీసుల దరఖాస్తు పెట్టినట్టే వదినా. అన్నీ అడుగుతవు, ఏదీ మంజూరు చెయ్యవు."

మేమిద్దరం యాభై ఏళ్ళుగా ఇలాగే మాట్లాడుకునేవాళ్ళం. కానీ ఆ మాటలు గుమ్మంలో నిలబడ్డ నా కోడలి చెవిన పడ్డాయి. ఆవు నా కొడుకుది, అంటే దూడ కూడా అతనిదే. కోడలు ఆ రోజంతా నా కొడుకును కొట్టం వైపు పోనివ్వలేదు, పాలు తానే పిండింది. రాత్రి అన్నాల దగ్గర చెప్పింది.

"అత్తమ్మా, నువ్వు నమ్మకు, నేను నమ్మమనను. నాకు మాత్రం గుండె దడదడ కొట్టుకుంటున్నది. జున్నుపాల రోజులు పోంగనే దూడను సంతకు తోలుదాం."

"సుడి ఉన్నదాన్ని కటికోడు తప్ప ఎవడూ కొనడని నీకు తెల్వదా?"

"తెలుసు."

నా కొడుకు తాండూరులో నాపబండల లోడు బండి నడుపుతాడు. లొల్లి అంటే గిట్టని మనిషి. "దూడ కోసం ఇంట్ల పంచాయితీ ఎందుకమ్మా" అని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

నేను ఎందుకు ఒప్పుకోలేదో చెప్పాలంటే నా మెడ సంగతి చెప్పాలి. కుల్కచర్ల వైపు గొర్రెల కాపరుల ఇంటి పిల్లను నేను, 1969లో పదిహేడేళ్ళకు ఈ ఇంటికి వచ్చాను. వచ్చిన మొదటి వారం మా అత్త నా తలకు నూనె పెడుతూ జుట్టు పాయ తీసి ఆగిపోయింది. మామను పిలిచింది. ఆయన దూరంగా నిలబడే చూసి "మెడసుడి" అన్నాడు. అప్పుడు పద్నాలుగేళ్ళున్న మరిది తండ్రి పక్కనే ఉన్నాడు. మెడ వెనక సుడి ఉన్నదాని మొగుడు ఎక్కువ కాలం బతకడని మా వైపు నమ్మకం. పదకొండేళ్ళ తర్వాత నా భర్తకు కామెర్లు వచ్చాయి. ఊళ్ళో పసరు పోయించి పదహారు రోజులు పోగొట్టి, అప్పుడు తాండూరు ఆసుపత్రిలో వేశారు. తొమ్మిది రోజులున్నాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి. మూడో దినం నాడు మా మామ వాకిట్లో అందరి ముందు "దాని మెడ మీదనే రాసుండె" అన్నాడు. పసరు పోయించింది ఆయనే.

ఆ రోజు నుంచి నేను మెడ మీదికి దిగేటట్టు కొప్పు పెట్టుకున్నాను. ఎండాకాలంలో చెమటకు పొక్కులు లేచినా తీయలేదు. నలభై మూడేళ్ళు. ఆ సుడి ఎలా ఉంటుందో నేను ఎన్నడూ చూడలేదు. ఎవరి మెడ వెనక ఉన్నది వాళ్ళకు కనిపించదు కదా. చూసినవాళ్ళు చెప్పిందే నమ్మాలి. దూడ విషయంలో మాత్రం నా రెండు కళ్ళతో నేను చూశాను, అది అందంగా ఉంది. ఇంకొకరు చెప్పింది నమ్మే వయసు నాకు దాటిపోయింది.

పన్నెండో రోజు, జూన్ 25, ఆదివారం. పొద్దున బస్సులో తాండూరు పోయి నూలు తాడు తెచ్చాను. నైలాను తాడు దూడ మెడను కోస్తుంది. సాయంత్రం అందరినీ కొట్టం దగ్గరికి పిలిచి చెప్పాను.

"యజమానినే కదా పాడె ఎక్కించేది? దూడను నేను కొంటున్న. యజమానిని నేను. ఎక్కిస్తే నన్ను ఎక్కియ్యనీ."

పశువు చేతులు మారేటప్పుడు మా వైపు ఒక పద్ధతి ఉంది. అమ్మినవాడు తన తలుగు, అంటే మెడతాడు, విప్పుకుని ఇంటికి తీసుకుపోతాడు. తాడు ఇస్తే ఇంటి లక్ష్మి కూడా పోతుందని నమ్మకం. కొన్నవాడు కొత్త తలుగు కట్టాలి. పాతది విప్పాక, కొత్తది కట్టేలోగా పశువును ఊరి పెద్దమనిషి ఒకరు పట్టుకుంటాడు. బేరం ఎక్కడ జరిగినా ఆ పెద్దమనిషి మా మరిదే.

"ఆలోచించుకో వదినా."

"పన్నెండు రోజులు అదే పని మీద ఉన్న."

"నీకు డెబ్బై ఒకటి. ఏడాదిల నువ్వు పోతే నా మాట నిజమాయె అంటరు, పోకపోతే వదిన గట్టిది అంటరు. రెండు తీర్ల నాకే పేరు" అని దూడను ఒళ్ళోకి తీసుకున్నాడు.

నా కొడుకు తలుగు విప్పాడు. నేను కొత్తది కట్టాను. మొదటి ముడి నాకు నచ్చలేదు. లాగితే బిగిసే ముడి పడింది, దూడకు ఉరి అవుతుంది. విప్పి, తాడును నీళ్ళలో నానబెట్టి మెత్తబరిచి, మళ్ళీ వేశాను. ఈలోగా దూడ మరిది పంచె తడిపింది. "ముడేస్తున్నవా, మగ్గం నేస్తున్నవా" అని ఆయన గొణిగాడు. కోడలు కూడా నవ్వింది. రాత్రి క్యాలెండరు గడిలో రాశాను: "పాతది విప్పింది 5.30. కొత్తది కట్టింది 5.42. నడుమ మరిది చేతిలో."

ఆ తర్వాత ఏడాది పాటు నేను సుళ్ళు చూశాను. వెతుక్కుంటూ పోలేదు, కంటికి అలవాటైంది కనుక కనిపించాయి. తాండూరు బస్టాండుకు పోయే దారిలో బండలు పాలిష్ చేసే షెడ్డు ఉంది. గుండ్రటి పలక బండ మీద తిరుగుతుంటే బూడిదరంగు నీళ్ళు నడుమ నుంచి పాయలు పాయలుగా వంగుతూ అంచుకు పోతాయి. ఒక పాయ ఇంకో పాయను తాకదు. అక్కడ నిలబడి రెండు బస్సులు పోగొట్టుకున్నాను. పనిచేసే ఆమె మిషను ఆపి అడిగింది.

"బండలు కావాల్నా అవ్వా?"

"లేదు. చూస్తున్న."

"గీ బురదనా?" అని పక్కనున్నామె వైపు తిరిగింది. "అవ్వకు మన బురద నచ్చిందట. పొద్దుందాక గిండ్లనే ఉంటం, మనకెన్నడన్న నచ్చిందా?" మిషను మళ్ళీ వేసింది. ఈసారి నీళ్ళు కొంచెం ఎక్కువ వదిలింది. నా కోసమే అనుకుంటాను.

కంది కోసేశాక ఏప్రిల్‌లో చేను మీద సుడిగాలులు లేస్తాయి. చిన్నప్పుడు గొర్రెల వెంట పోయినప్పుడు వాటికి భయపడి కళ్ళు మూసుకునేదాన్ని. ఈసారి గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను. ఒక మధ్యాహ్నం తొమ్మిది లేచాయి. ఎర్రమట్టి, కందిఆకు, ఒక ప్లాస్టిక్ కవరు, అన్నీ ఒకే మర్యాదతో పైకి తిరిగాయి. అయిదు ఎడమకు, నాలుగు కుడికి. బకెట్టు అడుగున చిల్లి పెట్టి నీళ్ళు వదిలితే పదిసార్లలో ఆరుసార్లు ఎడమకు, నాలుగుసార్లు కుడికి తిరిగింది. టీవీలో చూపించిన తుఫాను మాత్రం ఎడమకే తిరిగింది. మన సముద్రంలో పుట్టేవన్నీ ఎడమకే తిరుగుతాయని మనవరాలు చెప్పింది. ఆ తుఫాను వానకు మా కంది పూత రాలిపోయింది. టీవీలో తెల్లటి మబ్బు చుట్టు తిరుగుతుంటే పంట నష్టమని తెలుసు, అయినా చూడకుండా ఉండలేకపోయాను. నష్టం చేసినంత మాత్రాన అందం లేదని రాస్తే అది తప్పుడు రాత అవుతుంది.

అంగన్‌వాడీలో తల్లుల వేలిముద్రలకు వాడిన సిరా ప్యాడు ఒకటి నా దగ్గర మిగిలింది. దాంతో ఇంట్లో నలుగురి వేళ్ళూ కాగితం మీద వేయించాను. నలభై వేళ్ళలో పదిహేడింటికి సుడి ఉంది. మిగతావి వంగి వెనక్కి పోయే గీతలు. కోడలి వేళ్ళకే ఎక్కువ.

"చూసినవా, నీకే ఏడున్నయి."

"వేలికుంటే ఏం కాదు" అంది కోడలు చేతులు కడుక్కుంటూ.

"వీపు మీదుంటెనేనా?"

"అత్తమ్మా, నువ్వు నన్ను గెలుస్తవు. గెలిస్తే నా భయం పోతదా?"

నేను సిరా ప్యాడుకు మూత పెట్టి, కాగితం మడిచాను.

మనవరాలు వికారాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. హాస్టల్లో ఉండి శనివారం శనివారం రైల్లో తాండూరుకు, అక్కడినుంచి బస్సులో ఊరికి వస్తుంది. అక్టోబరులో ఒక శనివారం ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. నల్లటి చోట తెల్లటి సుడి. నడుమ పచ్చటి వెలుగు ముద్ద, దాని నుంచి రెండు చేతులు బయలుదేరి చుట్టూ తిరిగి సన్నబడి పొడిపొడిగా రాలిపోతున్నాయి.

"గిది ఎవల సుడి?" అన్నాడు మరిది, చాయ గ్లాసు పట్టుకుని వంగి చూస్తూ.

"నక్షత్రాల గుంపు చిన్నతాతా. ఇగో మనమున్నది గూడ గిట్లాంటి సుడిలనే, అంచున."

"అంటే మనం సుడి లోపల్నే ఉన్నం."

"అవ్."

"మరి దీని తలుగు ఎవల చేతిలున్నది?"

అందరం నవ్వాం. ఆయన దగ్గేదాకా నవ్వాడు. తర్వాత నేను అడిగాను. "ఎటు తిరిగింది ఇది?"

"ఇక్కడ నుంచి చూస్తే ఎడమకు నాయనమ్మా. అవతల నుంచి చూసెటోళ్ళకు కుడికి."

మరిది ఫోన్ అందుకుని చాలాసేపు చూశాడు. పశువును చూసినట్టే చూశాడు, ముందు నడుమ, తర్వాత అంచు. తిరిగి ఇచ్చేశాడు.

ఫోన్‌లో చేతుల మధ్య సందులు నాకు సరిగా కనిపించలేదు. పెద్దగా చూడాలని తర్వాతి శనివారం నేనే రైలెక్కి వికారాబాద్ పోయాను. కాలేజీలో వాళ్ళ సారు కంప్యూటర్ గది తెరిపించి తెర మీద పెట్టాడు. నా చాపంత వెడల్పు. సందుల్లో నల్లటి ధూళి ఉంది, ధూళిలో గులాబీ చుక్కలున్నాయి. అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయని చెప్పాడు.

"మనమున్నది ఒక్క చుట్టు తిరగడానికి ఎన్నేళ్ళు సార్?"

"ఇరవై కోట్ల సంవత్సరాల పైమాటేనమ్మా."

"పైన అంటే ఎంత పైన?"

సారు నవ్వి, అంత కచ్చితంగా ఎవరికీ తెలియదన్నాడు. తెలియదని అంత సులువుగా ఒప్పుకున్న పెద్దమనిషిని నేను చూడడం అదే మొదలు. క్యాలెండరులో ఆ రోజు గడిలో అదే రాసుకున్నాను.

2024 జనవరిలో నాకు టైఫాయిడ్ వచ్చింది. పందొమ్మిది రోజులు పడుకున్నాను. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది. మిగిలినదాన్ని మనవరాలు కత్తెరతో పొట్టిగా కత్తిరించింది. కత్తిరిస్తూ ఆగింది. ఆ ఆగడం నాకు తెలుసు.

"నాయనమ్మా, కదలకు."

ఫోన్ చప్పుడైంది. ముందుకు వచ్చి చూపించింది. ముడతల మధ్య, మెడ గుంటకు కొంచెం పైన, తెల్ల వెంట్రుకలు చుట్టూ ఒరిగి ఉన్నాయి. నడుమ చుక్క, దాని నుంచి రెండు పాయలు. నాకు అప్పటికి డెబ్బై రెండు నిండలేదు. నా సుడిని నేను చూడడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళు మోసిన ఆ సుడి ఎంత చిన్నదంటే, కందిగింజ వేసి కప్పొచ్చు. కుడికి తిరిగింది. మా మామ చూసిన దూరం నుంచి అది ఎటు తిరిగిందో కనిపించే వీలే లేదు. మనవరాలు దాని పక్కన ఆ నక్షత్రాల బొమ్మ పెట్టింది. నేను ఏడ్వలేదు. కోపం వచ్చింది. అంత చక్కటిదాన్ని నలభై మూడేళ్ళు కొప్పు కింద ఉడకబెట్టానని. అప్పటి నుంచి జుట్టు పెంచలేదు, మెడ మీద కొంగు కప్పలేదు.

ఆ వేసవిలో మరిది దగ్గు ముదిరింది. పదహారో ఏట మొదలుపెట్టిన బీడీ, యాభై మూడేళ్ళు, రోజుకో కట్ట. మే మూడో వారంలో ఒక సాయంత్రం కొట్టానికి వచ్చి గడ్డిమోపు మీద కూర్చున్నాడు. పెయ్య వచ్చి ఆయన చెయ్యి నాకింది. ఆయన దాని వీపు మీది సుడిని వేలితో చుట్టూ తిప్పాడు.

"పదకొండు నెలలాయె వదినా. నువ్వింకా ఉన్నవు."

"ఉంట."

"నేనే తప్పు చూసిన్నేమో."

"రాసియ్యి."

"రాయ. నాకు పేరున్నది" అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఆ మాట అన్నప్పుడు మేమిద్దరం, రెండు పశువులు తప్ప అక్కడ ఎవరూ లేరు. సాక్షి లేని మాట కనుక ఎవరితోనూ చెప్పలేదు, తర్వాత నా మీదికి వచ్చినప్పుడు కూడా. ఇక్కడ మాత్రం రాస్తున్నాను.

జూన్ 3, సోమవారం, ఉదయం పదకొండుంబావుకు ఆయన పోయాడు. అరవై తొమ్మిదేళ్ళు. ఊపిరితిత్తులు అయిపోయాయని తాండూరు డాక్టరు అంతకు ముందే చెప్పి ఇంటికి పంపాడు. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. మెడ కప్పుకోలేదు. ఆడవాళ్ళు నా వెనక గుసగుసలాడుకోవడం వినిపించింది.

నేను పెయ్యను కొని ఆ రోజుకు 344 రోజులు. ఏడాది ఇంకా నిండలేదు. ఆ ఇంటి నుంచి పాడె లేచింది కానీ అది నాది కాదు. ఊరికి ఇది అర్థం కాలేదు. యజమానిని నేనైతే ఆయనెందుకు పోయాడు? మూడో దినం నాడు జవాబు దొరికింది. మా తోడికోడలు, మరిది భార్య, మా వంటింట్లోకి వచ్చి పెట్టెలో నుంచి పాత క్యాలెండరు తీయించింది. కోడలు తీసి ఇచ్చింది. జూన్ 25 గడి ఆమె చేతనే పైకి చదివించింది.

"విప్పింది ఐదున్నర. కట్టింది ఐదు నలభై రెండు. నడుమ ఎవల చేతిలున్నది అక్కా?"

తోడికోడలు ఆ గడి మీద వేలు పెట్టింది.

"పన్నెండు నిమిషాలు ఆయన చేతిల ఉన్నది. గప్పుడు దానికి నా మొగుడే యజమాని. నువ్వే రాసుకున్నవు. గా ముడి ఒక్కసారే ఎయ్యకపోతివా అక్కా."

నా రాతలో తప్పు లేదు. అందుకే తట్టుకోలేకపోయాను. ఎవరైనా కల్పించి చెప్పి ఉంటే తిట్టేదాన్ని.

పదకొండో రోజు కర్మ అయింది. మర్నాడు, జూన్ 14, పొద్దున ఏడింటికి నా కొడుకు ట్రాలీ ఆటో తెచ్చి వాకిట్లో నిలిపాడు. కోడలు, తోడికోడలు, వీధిలోని వాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. నేను పెయ్య పక్కన నిలబడి తలుగు చేతికి చుట్టుకున్నాను.

"అమ్మా, పోనియ్యి. ఊరంత ఒక దిక్కున్నది."

"ఊరు ఏ దిక్కున్నదని అడగలే. దూడ ఎవలది?"

"నీదే."

"నేను అమ్ముతున్ననా?"

నేను తోడికోడలి వైపు తిరిగాను. "ఆయన యాభై మూడేండ్లు బీడీ తాగిండు. పన్నెండు నిమిషాలు దూడను పట్టిండు. ఏది ఎక్కువ?"

"నాకు నీ లెక్కలొద్దు అక్కా. నాకు మనిషి పోయిండు."

"నాకూ పోయిండు. నువ్వు రాకముందు నుంచి ఆయన నాకు తెలుసు. నా మొగుడు పోయిననాడు పసరును ఎవలూ అనలే, నా మెడను అన్నరు. ఇయ్యాల బీడీని ఎవలూ అంటలేరు, దీని వీపును అంటున్నరు. నాడు నేను నోరు మూసుకున్న, ఇరవై ఎనిమిదేండ్లదాన్ని. ఇంగ ముయ్య. ఇగో, చూడున్రి." తల వంచి మెడ చూపించాను. "దీన్ని గూడ ఎక్కించుకపోతరా ఆటోల?"

ఎవరూ కదలలేదు. ఆటో వెనక్కి తిరిగి పోయింది. తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ అవతలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి నా పొయ్యి వేరు. కోడలే చెప్పింది, గొంతు పెంచకుండా. "దాన్ని తాకిన చేతులు మా గిన్నెలను తాకొద్దు అత్తమ్మా. నాకు పిల్ల ఉన్నది, మొగుడున్నడు." కొట్టానికి నడుమ తడక కట్టించింది. తడకకు ఇవతల నేను, పెయ్య. అవతల ఎర్రావు.

జూన్ 25 వచ్చింది, పోయింది. నేను ఉన్నాను. ఎవరూ దాని మాట ఎత్తలేదు.

నేను నిజం రాసే మనిషిని కనుక ఇది కూడా రాయాలి. పెయ్య పుట్టడానికి ముందు ఏడాది మా రెండిళ్ళలో జరిగిన నష్టాలు, పుట్టిన తర్వాత ఏడాది జరిగినవి, రెండు వరుసలుగా రాసి చూశాను. మొదటి వరుసలో మూడు. రెండో వరుసలో ఎనిమిది. లెక్క నాకు ఎదురే వచ్చింది. రెండుసార్లు కూడాను. ఆ కాగితం ఎవరైనా అడిగితే చూపిస్తాను, దాచను. కానీ కూడిక ఎంత అన్నది వేరు, దాన్ని ఎవరి పేరు మీద రాయాలన్నది వేరు. వానది వాన పేరు మీద, బీడీది బీడీ పేరు మీద రాశాను. సుడి పేరు మీద రాయడానికి ఒక్కటీ మిగల్లేదు.

పెయ్య ఇప్పుడు నాలుగో నెల చూలుతో ఉంది. పుట్టినప్పుడు రెండున్నర సెంటీమీటర్లున్న సుడి ఇప్పుడు ఆరు సెంటీమీటర్లు. ప్రతి ఆరు నెలలకూ దారంతో కొలిచాను. వెడల్పు పెరిగింది, చుట్లు పెరగలేదు. అప్పుడూ ఒకటిన్నర చుట్టే, ఇప్పుడూ ఒకటిన్నర చుట్టే. ఒళ్ళు రెండింతలైనా తన తీరు మార్చుకోలేదు. పొద్దు వాలినప్పుడు ఎండ ఏటవాలుగా పడితే ఒక్కొక్క వెంట్రుక నీడ పక్క వెంట్రుక మీద పడి, సుడి లోతుగా, బావిలాగా కనిపిస్తుంది. నేను పీట వేసుకుని చూస్తాను. వీధిలో పోయేవాళ్ళు చూసి చూడనట్టు పోతారు. పోనీ.

2025 డిసెంబరు 8, సోమవారం నాటికి, పెయ్య పుట్టిన 909 రోజుల్లో పోయినవి:

మరిది. ఒక్కడే మరిది.

కంది పంట, ఒక ఏడు పూర్తిగా, ఒక ఏడు సగం.

గొర్రెపిల్లలు రెండు.

మా ఇంటి పాలు పోయించుకునే ఇళ్ళు, ఏడింటికి ఏడు.

నా జుట్టు, మూర మీద బెత్తెడు.

కోడలి చేతి అన్నం, 541 రోజులు.

తోడికోడలి మాట, 542 రోజులు.